అప్‌డేట్ చెయ్యని ఇల్లు

అచ్చుతప్పుల మాస్టారు పొద్దున్న ఎనిమిదింటికల్లా కంప్యూటర్ ముందు కూర్చునేవారు. బడి పుస్తకాలు వేసే ఒక సంస్థకు ఇంట్లోంచే ప్రూఫులు దిద్దిపెట్టడం ఆయన పని. తెర వెలగ్గానే మూలనుంచి చిన్న పెట్టె లేచేది. కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇప్పుడా, తర్వాతా అని అడిగేది. మాస్టారు ‘తర్వాత’ నొక్కేవారు. మూడేళ్లుగా రోజూ ఇదే తంతు.

అసలు అప్‌డేట్ అంటే ఎవరికి సరదా? తెరమీద బొత్తాలు ఒకచోటునుంచి ఇంకోచోటికి పోతాయి, వాటితోపాటే ఇంట్లో సామానూ పోతుంది. ఇది లోకానికంతా తెలిసిందే. మేడమీద ఉండే ఎలక్ట్రీషియన్‌కి కిందటిసారి వంటగది తలుపు ఎడమనుంచి కుడికి వెళ్లింది. నెలరోజులు పాపం గోడకి గుద్దుకున్నాడు. పక్కవీధి డాక్టరుగారింట్లో గరిటెలూ చెంచాలూ అన్నీ మూడు అడ్డగీతలున్న ఒకే సొరుగులోకి దూరిపోయాయి. ఏది కావాలన్నా ముందు ఆ సొరుగు లాగాలి, దానిలోపల ఇంకో సొరుగు లాగాలి. బాగున్నదాన్ని బాగుచెయ్యమని వీళ్లనెవరడిగారని అందరూ నోరారా తిట్టుకున్నారు, తర్వాత అలవాటుపడ్డారు.

కొన్ని వస్తువులైతే ఏకంగా ఎదుటివాళ్ల ఇంట్లో తేలతాయి. ఒకసారి అక్కడ కుదురుకున్నాక మేకులు కొట్టినట్టే, పదిమంది పట్టినా కదలవు. అందుకని వీధిలో ఒక మర్యాద ఉంది. అప్‌డేట్ చేసేవాళ్లు ముందురోజే ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. మర్నాడు అందరూ తలుపులు బార్లా తెరిచి, మా జల్లెడ మీకొచ్చిందా, మీ గొడుగు మాకొచ్చింది, వానొస్తే వచ్చి వాడుకోండి అంటూ తిరుగుతారు. మాస్టారి తలుపు మాత్రం ఎవరూ తట్టరు. అప్‌డేట్ చెయ్యని ఇంటికి ఏదీ రాదు, అక్కణ్ణుంచి ఏదీ పోదు.

మాస్టారికి కావలసిందీ అదే. ఆ ఇల్లు సర్దింది ఆయన భార్య. ఆవిడ పోయి మూడేళ్లు. గడియారం కింద ఆవిడ కుర్చీ ఎలా ఉందో అలాగే ఉంది. అది జానెడు పక్కకి జరిగినా ఆవిడ రెండోసారి పోయినట్టేనని ఆయన భయం. అందుకే ఆ ‘తర్వాత’ని అంత శ్రద్ధగా నొక్కేవారు.

ఒక సోమవారం సంస్థనుంచి అమ్మాయి ఫోన్ చేసింది.

“సార్, పాత వెర్షన్‌లో మీరు పంపే ఫైళ్లు మా దగ్గర తెరుచుకోవట్లేదు. శుక్రవారంలోగా మారకపోతే పని ఇంకొకళ్లకి ఇచ్చేస్తామంటున్నారు మా పైవాళ్లు.”

“బొత్తాలు ఉన్నచోట ఉంటే వాళ్లకేం నొప్పమ్మా?”

“నాకూ తెలీదు సార్. మా ఇంట్లో బీరువా ఇప్పుడు మెట్లమీదుంది. దాన్ని దాటుకునే ఆఫీసుకొస్తున్నాను.”

ఫోన్ పెట్టేశాక మాస్టారు లెక్కేసుకున్నారు. ఆ వారంలో ఆయనతో మాట్లాడిన మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. పని పోతే ఆ గొంతు కూడా ఉండదు. ఉంచుకుంటే కుర్చీ ఏమవుతుందో తెలీదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు. శుక్రవారం పదిగంటలకి ఆవిడ కుర్చీలో ఒకసారి కూర్చుని, లేచివచ్చి, ‘ఇప్పుడు’ నొక్కారు.

ఇంటింటికీ చెప్పిరావడం మర్చేపోయారు. ఆ పని ఎప్పుడూ ఆవిడదే మరి.

తెరమీద గీత నిండింది. తప్పు కొట్టేసే ఎర్ర కలం పైవరసలోంచి మాయమైంది. కామా పెట్టే బొత్తం ఎక్కడికెళ్లిందో దేవుడికే తెలియాలి. మాస్టారు అవేవీ చూడలేదు. మెల్లగా తల తిప్పి గడియారం కిందికి చూశారు. అక్కడ కుర్చీ లేదు. కుట్టుమిషన్ ఒకటి ఉంది. దాని చక్రం ఇంకా తిరుగుతోంది. సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి.

తలుపు దబదబా మోగింది. ఎదురింటి టైలరమ్మ. మెడలో టేపు, చేతిలో మిగతా చొక్కా.

“అప్‌డేట్ చేశారా మాస్టారూ?”

“చేశానమ్మా.”

“చెప్పాపెట్టకుండానా? తొక్కుతూనే ఉన్నాను, కాళ్లకింద మిషన్ లేదు! ఇంకాస్తయితే నా వేలు కూడా మీ ఇంటికొచ్చేది.”

“తప్పయిపోయింది. మూడేళ్లయింది చేసి. మా ఇంట్లో కుర్చీ ఒకటి...”

“మా కిటికీ దగ్గరుంది. వచ్చి చూసుకోండి.”

మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటారు. కుర్చీ నిజంగానే అక్కడుంది, ఎండలో. రెండు చేతులా పట్టి లాగారు. కదల్లేదు. మోకాలు ఆనించి లాగారు. చివరికి దాని పక్కనే నేలమీద కూలబడి, పరాయి ఇల్లని కూడా చూడకుండా ఏడ్చేశారు.

ఆ ఏడుపు ఆగేదాకా టైలరమ్మ గుమ్మంలోనే నిలబడింది.

“సాయంత్రాలు వచ్చి కూర్చోండి. కాదనడానికి ఈ ఇంట్లో నేను తప్ప ఇంకెవరున్నారు?” అంది. “నేనెలాగూ రేపట్నుంచి పగలంతా మీ ఇంట్లోనే ఉండాలి. బడి యూనిఫారాలు నలభై ఒప్పుకున్నాను.”

అన్నట్టే తొమ్మిదింటికల్లా వచ్చేది. ఆ మిషన్ చప్పుడుకి మొదటిరోజు మాస్టారికి ఒక్క తప్పూ కనబడలేదు. రెండోరోజు చెవుల్లో దూది పెట్టుకున్నారు. నాలుగోరోజు దూది తీసేశారు. సాయంత్రం ఐదింటికి వీధి దాటి వెళ్లి, కిటికీ దగ్గర కుర్చీలో అరగంట కూర్చుని వచ్చేవారు. ఆ కుర్చీ ఎంత వెలిసిపోయి ఉందో ఆయన ఆ కిటికీ వెలుగులోనే మొదటిసారి చూశారు.

తెరమీద కామా వారానికి దొరికింది. ఇల్లు మాత్రం అంత తొందరగా లొంగలేదు. ఒకరోజు పదకొండింటికి టీ పెట్టుకుందామని వంటగదిలోకి వెళ్లారు. టీపొడి కోసం చెయ్యి అలవాటుకొద్దీ పొయ్యికి ఎడమవైపు పోయింది. అక్కడ ఉత్తగోడ. పై అర చూశారు, కింద అర చూశారు, గొణుక్కున్నారు.

“కుడివైపు, రెండో అర!” ముందుగదిలోంచి టైలరమ్మ అరిచింది. దారం పళ్లమధ్య ఉన్నట్టుంది. “నిన్నా అక్కడే, మొన్నా అక్కడే. రోజుకెన్నిసార్లు చెప్పాలి మాస్టారూ మీకు?”

మూడేళ్లుగా ఆ ఇంట్లో మాస్టారిని విసుక్కున్నవాళ్లు లేరు. టీపొడి డబ్బా పట్టుకుని ఆయన కాసేపు అలాగే నిలబడిపోయారు. కప్పులు ఎదురుగానే, చేతికందేంత దూరంలోనే ఉన్నాయి.

“కప్పులెక్కడున్నాయమ్మా?” అని అడిగారు.