చీపురుకు చిక్కని పాట

లెక్కల పిల్ల దగ్గర మొదట ఉన్నది పన్నెండు వేలు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు తూచి, సాయంత్రం టీ కూడా మానేసి కూడబెట్టింది.

వాళ్ళింట్లో తెల్లారగానే అమ్మ చేసే మొదటి పని ముందు గది ఊడ్వడం. రాత్రి పాటలు విన్న ఇల్లు, ఊడ్వకపోతే ఎలా? మావయ్య షాపులో కొన్న రంగు లైట్ల పాటల డబ్బా పాడినంతసేపూ పాట రాలుతూనే ఉండేది. గొంతులు బూడిదలా, తీగలు తుప్పు పొట్టులా, డ్రమ్ము చప్పుడు నల్ల గులకరాళ్ళలా. అమ్మ చేటకెత్తి గుమ్మం బయట కుప్ప పోసేది. వీధిలో ఏ గుమ్మం ముందు చూసినా అవే కుప్పలు. నడుం నొప్పులూ ఇంటింటివే.

"ఒకటో తారీఖు నుంచి నా షాపు కౌంటర్లో కూర్చోవే," అన్నాడు మావయ్య. "లైట్లు వెలిగించు, వాట్లు చదువు, బిల్లు కొట్టు. నీ లెక్కలు అక్కరకొస్తాయి."

"రాలిపోయే పాటలు నేనమ్మను మావయ్యా."

"అబ్బో! రాలని పాట కావాలంటే లక్షలు పొయ్యాలి. మనలాంటి వాళ్ళకి రాలే పాటే రాసిపెట్టి ఉంది."

"ఎవరు రాశారో చూపించు, చెరిపించుకొస్తాను."

మావయ్య పకపకా నవ్వాడు. "అయితే నీ పన్నెండు వేలతోనే చేసి చూపించు. నెలాఖరుకి గదిలో రవ్వ రాలిందా, మర్నాడు కౌంటర్లో ఉండాలి. ఏమంటావక్కా?"

అమ్మ చీపురు దులిపి చేట అందుకుంది.

డబ్బులో సగం పైన స్పీకర్లకే పోవాలని లెక్కల పిల్ల లెక్క. పాడేవి అవే కదా. మూతపడ్డ డాన్సు స్కూల్లో చెక్క స్పీకర్ల జత ఆరున్నర వేలకి దొరికింది. లోపలి కాగితం గట్టిదే, చుట్టూ ఉన్న స్పాంజి చివికింది. కొత్త స్పాంజి తనే కోసి అతికించింది. ఒక్క లైటూ లేని ఇనుప దిమ్మలాంటి పాత యాంప్లిఫయరు నాలుగు వేలు. సీడీ ప్లేయరు ఎనిమిది వందలు. మావయ్య షాపులో బంగారు పూత వైరు ధర చూసి దణ్ణం పెట్టి, మామూలు కరెంటు వైరు మూడు వందలకి తెచ్చింది. ఇంకా నాలుగు వందలు మిగిలాయి.

నెలాఖరు రోజు పొద్దున్నే, షాపు తెరవకముందే, మావయ్య వచ్చి కాలు మీద కాలేసుకు కూర్చున్నాడు. పాట మొదలైందో లేదో, గది నడిమధ్యన నల్ల గులకరాళ్ళు జలజలా రాలాయి.

"అక్కా, చేట పట్టుకురా!" కేకేశాడు మావయ్య. "రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్యవే!"

"నెలాఖరంటే ఇవాళ పొద్దుగూకేదాకా," అని లెక్కల పిల్ల నేలమీద బోర్లా పడుకుని కుప్పని చూసింది. గొంతు రాల్లేదు. తీగలు రాల్లేదు. బరువు చప్పుడు ఒక్కటే, అదీ రెండు స్పీకర్ల చప్పుళ్ళు కలిసే చోటే రాలింది. అంటే ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది.

వెనక్కి వెళ్ళి చూసి నాలుక కరుచుకుంది. చవక వైరు, రెండు పోగులూ ఒకే రంగు. ఎర్ర కన్నంలో పెట్టాల్సిన పోగు ఒక స్పీకరుకి నల్ల కన్నంలో పెట్టింది. విప్పి మార్చి, రాలిన కుప్ప ఎత్తిపోసి, మళ్ళీ పాట పెట్టింది.

అమ్మ చీపురుతో సిద్ధంగా నిలబడింది. మొదటి చరణం అయింది. రెండోదీ అయింది. పాట గది మధ్యలో మనిషిలా నిలబడే ఉంది. అమ్మ చీపురు గోడకి ఆనించి మెల్లగా కింద కూర్చుంది.

"ఈ పాటలో ఇంకో గొంతు కూడా ఉందటే?"

"ఎప్పుడూ ఉందమ్మా."

"మరి ఇన్నేళ్ళూ దాన్ని ఊడ్చి పారేశానా?"

మావయ్య వంగి నేలంతా అరచేత్తో రాసి చూసుకున్నాడు. చెయ్యి శుభ్రంగానే ఉంది. పాట అయిపోయేదాకా షాపు సంగతే ఎత్తలేదు. చివరికి గొంతు సవరించుకుని, "మీ అత్తకీ నడుం నొప్పేనే. మా ఇంటికైతే ఎంతవుతుంది?" అన్నాడు.

"నీ దగ్గరెంతుందో చెప్పు, అంతలోనే చేస్తా. కానీ ముందు మా వీధి, నీ వంతు తర్వాత, మావయ్యా."

మిగిలిన వైరు చుట్ట భుజాన వేసుకుని, ఈసారి ఒక పోగుకి ఎర్ర దారం కట్టి, లెక్కల పిల్ల వీధిలోకొచ్చింది. పక్కింటి కుప్పని దాటి, తలుపు తట్టడానికి చెయ్యెత్తింది.