దేవుడి కంటపడని మాత్ర

"ఒక గంట టైమిస్తున్నాను," అన్నాడు కిడ్నీ డాక్టరు, రిపోర్టు మీద వేలితో కొడుతూ. "పెట్టిన కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా ఆపే మందు జాడే మీ ఆయన రక్తంలో లేదు. మింగుతున్నా ఒంటికి పట్టడం లేదంటే ఒక చికిత్స, అసలు కడుపులోకే వెళ్ళలేదంటే ఇంకోటి. దారి తప్పామా, పెట్టిన కిడ్నీ పోతుంది. ఎన్ని రోజులు తప్పిందో ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆమె స్టేజీ మీద జోకులతో మూడొందల మందిని కడుపుబ్బ నవ్వించే మనిషి. మధ్యాహ్నం షో వదిలేసి సగం మేకప్‌తో పరుగెత్తుకొచ్చింది. ఇంట్లో మాత్రల అట్టలు తనే చూసింది. రోజుకొకటి చొప్పున సరిగ్గా ఖాళీ అయ్యాయి. అట్ట వదిలిన మాత్ర నోటికి చేరలేదా? చేరకపోతే, మధ్యలో మాయం చేసిందెవరు?

"అలా పోలీసులా చూడకే," అన్నాడు మంచం మీది మొగుడు. "పొద్దున్నే తొమ్మిది మాత్రలు చేతిలో పోస్తారు. కళ్ళు మూసుకుని గుటుక్కున మింగుతాను. ఏది ఏదో నాకేం తెలుసు?"

ఆమె వరండాలోకి వచ్చింది. అత్తగారు బెంచీ మీద కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉంది. మందులు నిమిత్తమాత్రం, కాపాడేది పైవాడేనని రోజుకు పదిసార్లు అనే మనిషి.

"అత్తయ్యా, తప్పుగా అనుకోకండి. ఆయన మాత్రలు మీరేమైనా..."

అత్తగారి కళ్ళు తెరుచుకున్నాయి. "మతి ఉండే అడుగుతున్నావా? నా కడుపు కోసిచ్చిన కిడ్నీని నేనే పాడుచేస్తానా? ఆ టైములో నేను పొయ్యి దగ్గర ఉంటాను. మాత్రలు పోసేది నీ కూతురు కదే!"

అవును. షోల నుంచి వచ్చి పొద్దెక్కేదాకా పడుకునే తనే, ఎనిమిదేళ్ళ పిల్లకు నర్సమ్మ అని పేరుపెట్టి ఆ పని అప్పజెప్పింది.

నర్సమ్మ బెంచీ చివర కాళ్ళూపుతూ బొమ్మ గీసుకుంటోంది. ఆమె పక్కనే కూలబడింది.

"నాన్న మాత్ర ఒకటి కనబడటం లేదమ్మా."

"పోలేదు. దాచా." పిల్ల పెన్సిల్ డబ్బా తెరిచింది. రబ్బరు కింద ఒకే రంగు మాత్రలు. పదకొండు.

"ఎందుకే తల్లీ?"

"దేవుడు రావాలని. వచ్చాడటగా! తలుపు తీసి మాత్రల డబ్బా చూసి, ఓహో, వేరే డాక్టరు చూస్తున్నాడా అని అలిగి వెళ్ళిపోయాడట. అందుకే కిడ్నీ పెట్టిన పెద్ద డాక్టరుగారి మాత్ర ఆయన కంటపడకుండా దాచేశా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. స్టేజీ మీద. అందరూ చప్పట్లు కొట్టారుగా."

అవును, ఆ జోకు తనదే. పొద్దున ఆ దేవుడికే దణ్ణం పెట్టి, సాయంత్రం ఆయన మీదే జోకులేస్తుంది. రెంటిలో ఏది తను? తనకే తేలని సంగతి పిల్లకెలా తేలుతుంది?

డాక్టరు వచ్చాడు. "ఏం తేలింది?"

అత్తగారు చటుక్కున లేచి పిల్లకు అడ్డం నిలబడింది. "నేనే బాబూ! ముసలిదాన్ని, మరిచిపోయాను. ఒకట్రెండు రోజులే."

"రెండు రోజులకే ఇంతలా పడిపోదే!" డాక్టరు అనుమానంగా రిపోర్టు తిప్పాడు. "అంటే ఒంటికే పట్టడం లేదన్నమాట. సరే, గట్టి మందే మొదలుపెడతాం."

అత్తగారి వేళ్ళు కోడలి చేతిని గట్టిగా నొక్కాయి. నోరు మెదపకు, పిల్ల జన్మంతా మోస్తుంది అన్నట్టు. ఒక పక్క మొగుడి ప్రాణం, ఇంకో పక్క కూతురి మనసు. ఆమె చేయి విడిపించుకుని పెన్సిల్ డబ్బా డాక్టరు ముందు పెట్టింది.

"రెండు కాదండీ, పదకొండు రోజులు. మా అత్తయ్య తప్పేం లేదు. పాప నా మాట నమ్మింది, అంతే. ఈ పని చేసింది నేను."