మంచినీళ్లు

చేపల కోసం నడుంలోతు సముద్రంలో పాతిన ఖర్జూరపు మట్టల దడి చివర ఉన్న బుట్టను ఫెర్జానీ పైకి లాగేసరికి, లోపల చేపలకన్నా జెల్లీచేపలే ఎక్కువున్నాయి. వంగపండు రంగు గొడుగులు, వాటికింద సన్నని దారాలు. కెర్కెన్నా దీవుల్లో ఈ రకం జెల్లీచేపను ‘కాల్చేది’ అంటారు. అతను తెడ్డుతో ఒక్కొక్కటే తీసి దూరంగా విసిరాడు. అవి మళ్లీ దడిలోకే వస్తాయని తెలిసినా ముప్పయ్యేళ్లుగా విసురుతూనే ఉన్నాడు.

ఎడమ ముంజేతి మీది నాలుగు చారలు దురద పెడుతున్నాయి. చలికాలమంతా కాఫీ రంగులో అణిగి ఉండే ఆ చారలు, సముద్రం వేడెక్కగానే ఏదీ తాకకుండానే ఎర్రగా ఉబ్బి పొక్కులు లేస్తాయి. విషాన్ని చర్మం మరిచిపోదన్నాడు డాక్టరు. ఇంకోసారి కుడితే ఒళ్లు తట్టుకోదు, పని మానుకోమనీ అన్నాడు. ఫెర్జానీ ఆ మాట పెడచెవిన పెట్టాడు.

పద్దెనిమిదేళ్ల క్రితం ఇక్కడే అన్న మీమూన్ మెడకు ఆ దారాలు చుట్టుకుంటే, పీకింది ఈ చేత్తోనే. పీకి ఊరుకోలేదు. పడవలో ఉన్న కూజాడు మంచినీళ్లూ అన్న మెడ మీద పోశాడు. వానచినుకును తొట్టిలో దాచుకుని తాగే దీవిలో మనిషికి మనిషి అంతకన్నా ఏం చేస్తాడు? నీళ్లు పడ్డకొద్దీ మీమూన్ అరిచాడు. ఒడ్డు చేరేలోగా అరవడం మానేశాడు. మంచినీళ్లు తగిలితే ఒంటికంటిన విషం మరింత విచ్చుకుంటుందనీ, ఉప్పునీళ్లతోనే కడగాలనీ తర్వాత నర్సు చెప్పింది. ఆ సంగతి తెలిస్తే వదిన తన మొహం చూడదని అతను గుండెల్లోనే దాచుకున్నాడు. చారలు లేచినప్పుడల్లా అన్నే వచ్చి చెయ్యి పట్టుకున్నట్టు భయం వేస్తుంది.

ఒడ్డున బుట్టలల్లుతున్న వదిన వసీలా కేకేసింది.

“ఏమయ్యా మరిదీ, ఇవాళా ఆ జిగట ముద్దలేనా? పెళ్లి చేసుకోమంటే వినలేదు, వాటితో కాపురం పెట్టావు.”

“అవైతే సతాయించవులే వదినా.”

నవ్వుతూనే చివరి బుట్టను భుజం మీదికి ఎత్తాడు. సందుల్లోంచి ఒక ముద్ద జారి మెడ మీద పడింది.

అతను నీళ్లలో కూలబడటం చూసి వసీలా నడుంలోతు నీళ్లలోకి దిగి అతన్ని ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది. మెడ మీద ఎర్రటి తాళ్లలా వాతలు తేలుతున్నాయి, పెదాలు వాచిపోతున్నాయి. పికప్పు బండి తెమ్మని రోడ్డు మీదివాళ్లను పిలిచింది. గస్తీవాళ్లు అడుగుతారని అతను టోపీ మడతలో పెట్టుకునే గుర్తింపు కార్డు లాగి, దాని అంచుతో దారాలు గీకింది. దోసిళ్లతో సముద్రపు నీళ్లు పోసింది. పక్కనే మంచినీళ్ల కూజా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

ఫెర్జానీ అది చూశాడు.

“నీకు... తెలుసా?”

“ఆ నర్సు నీ ఒక్కడికే చెప్పిందనుకున్నావా?”

“మరి ఇన్నేళ్లూ...”

“నీకు తెలియదేమో, తెలిస్తే ఏమైపోతావోనని నేను నోరు విప్పలేదు.” ఆమె మళ్లీ దోసిలి నింపింది. “ఆ రోజు పడవలో నేనున్నా ఆ మంచినీళ్లే పోసేదాన్ని, ఫెర్జానీ.”

అతనేదో అనబోయాడు. వాపుకి ఊపిరాడలేదు. చేత్తో ఆమె తడి కొంగు పట్టుకున్నాడు. పికప్పు వచ్చేసరికి ఆ పట్టు సడలిపోయింది. ఆ సంగతి వసీలా ఎవరికీ చెప్పకుండా, ఇంకో రెండు దోసిళ్లు పోసింది.

మగవాళ్లు అతన్ని ఎత్తుకుపోయారు, వెనకే ఆమె వెళ్లింది. బండ మీద గుర్తింపు కార్డు పడి ఉంది. ఫోటోలోని కుర్రమొహం మీద ఊదారంగు జిగట మెల్లగా ఎండుతోంది.