పసుపు తీసిన ఫొటో

మధ్యాహ్నం మూడవుతున్నా మేస్త్రి క్యారేజీ మూత తియ్యలేదు. పొద్దుటినుంచి ఆ ఆస్పత్రి కార్డుకి ఇది ఐదో రంగు. నలభై వేల ఇళ్లకు పోస్టులో వెళ్లాల్సిన కార్డు. ఐదింటికల్లా అచ్చుకెక్కాలి.

ఇంటింటికీ వెళ్లే ప్రకటన కార్డులకు రంగూ బొమ్మా కుదర్చడం ఆయన పని. ప్రెస్సులో అందరూ రంగుల మేస్త్రి అంటారు. పోస్టు డబ్బా నుంచి చెత్తబుట్టకి మనిషి వేసేది నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో చేతిని ఆపేది రాత కాదు. రంగు, ఆ తర్వాత ముఖం. పంతొమ్మిదేళ్లుగా ఆయన నేర్చుకున్నది ఇది. అందుకు నెలకి పద్దెనిమిది వేలు.

ఆస్పత్రి తరఫున వచ్చినాయన టై సర్దుకుంటూ వెనక నిలబడ్డాడు.

"ఎరుపయితే కొట్టొచ్చినట్టు కనబడుతుంది కదండీ?"

"ఆస్పత్రి కార్డు మీద ఎరుపంటే నెత్తురే. తెలుపు సంగతి మీకే తెలుసు, శవం మీద కప్పే గుడ్డ. నీలం చూస్తే పోయినవాళ్ల పెదాలు గుర్తొస్తాయి. లేతాకుపచ్చ పెట్టుకోండి."

"అబ్బో, మీ దగ్గర రంగులక్కూడా రోగాలున్నాయే!" అని నవ్వాడు ఆయన.

పక్క టేబుల్ దగ్గర కార్డు మీది మాటలు రాసే అమ్మాయి పైకి చదివింది. "'సమయానికి పరీక్ష చేయించుకున్నాను. ఈరోజు హాయిగా ఉన్నాను.' కిందేమో, ఒళ్లంతా పరీక్ష తొమ్మిది వేలు మాత్రమే. సరిపోయిందా అన్నా?"

మేస్త్రి తల ఊపాడు. తొమ్మిది వేలంటే ఆయన జీతంలో సరిగ్గా సగం.

ఇక ముఖం కావాలి. ఫొటో కొంటే నాలుగు వేలు. ఓనరు ఎన్నడూ కొనలేదు. పనివాళ్ల ఇంట్లోవాళ్లనే పిలిపించి, మేడమీద తెల్లగుడ్డ కట్టి ఫొటో తీయించడం ఆ ప్రెస్సు ఆనవాయితీ. ముఖానికి మూడొందలు, ఒక టీ. బైండరు కూతురు బడి పుస్తకాల కార్డు మీద నవ్వింది. వాచ్‌మన్ తండ్రి కళ్లజోళ్ల కార్డు మీద నవ్వాడు. ఆ ముసలాయనకి ఇప్పటికీ కళ్లజోడు లేదు.

ఓనరు వచ్చి మేస్త్రి భుజం మీదుగా వంగాడు. కంప్యూటరు తెర మీద పాత ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ ఒకచోట ఆగాడు.

"ఇదిగో, దుప్పట్ల కార్డుకి తీశాం. ఎంత కళగా ఉందో మొహం! ఇదే పెట్టు."

అమ్మాయి తలెత్తింది. "సార్... అది వదిన."

"తెలుసమ్మా. నాకు మాత్రం చెల్లెల్లాంటిది కాదూ? పోయిన మనిషి నలభై వేల ఇళ్లలో నవ్వుతూ ఉంటుంది, మంచిదేగా. మూడొందలు మళ్లీ ఇస్తాలే మేస్త్రీ."

భార్య నవ్వుతున్న ఆ ఫొటో పక్కనే దాని అసలుది ఉంది, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు. ఏడాదిన్నరగా మేస్త్రి దాన్ని తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు.

అందులో ఆమె కళ్లు పసుపుగా ఉన్నాయి. చెంపలు పసుపుగా ఉన్నాయి. వెనక కట్టిన గుడ్డ మాత్రం తెల్లగా ఉంది. వెలుగులో తప్పుంటే గుడ్డ కూడా పసుపు తిరగాలి. రంగులు తప్ప మరొకటి తెలియని మనిషి ఆ రోజు గుడ్డ కేసి చూడలేదు. ఎండ వల్ల వచ్చిన పసుపు అనుకున్నాడు. కళ్లలో పసుపు తీశాడు, చెంపల్లో గులాబీ నింపాడు. పావుగంట పని.

ఆమె వెనక నిలబడి చూసి, "నిజంగా నేనేనా? ఇలా ఉంటే నన్ను మళ్లీ పెళ్లి చేసుకుంటావు" అంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కూడా ఆ రోజే అంది. దుప్పట్ల పని అయిపోనీ, డాక్టరుకు చూపిద్దాం అన్నాడు. సెలవడిగితే ఓనరూ అదే మాటన్నాడు. దుప్పట్ల తర్వాత పరుపుల కార్డు వచ్చింది. నాలుగు నెలలకి డాక్టరు ఆమె కింది రెప్ప లాగి చూసి అడిగాడు: "ఇంత పసుపు మీ ఇంట్లో ఎవరికీ కనబడలేదా?"

కనబడింది. కనబడితే చెరిపేశాడు. ఆ మాట ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మేస్త్రి అసలు ఫొటోని తెచ్చి లేతాకుపచ్చ మీద పెట్టాడు.

"ఇదేంటి? ఈ పసుపేంటి?" అన్నాడు ఓనరు.

"అవునండీ, జబ్బు మనిషిలా ఉంది" అన్నాడు ఆస్పత్రి ఆయన.

"జబ్బు మనిషే."

ఓనరు గొంతు తగ్గించాడు. "నీ బాధ నాకు తెలుసు మేస్త్రీ. కింద మిషను ఖాళీగా ఉంది. ఆ పసుపు తీసెయ్."

"తియ్యను."

ఓనరు సరిగ్గా విననట్టు నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్లలో ఆయనకి ఈ మనిషి నుంచి 'అలాగే సార్' తప్ప ఇంకో జవాబు రాలేదు.

"నువ్వు కాకపోతే ఇంకొకరు తీస్తారు."

"తీయించుకోండి. నేను ఒకసారి తీశాను."

ఓనరు అమ్మాయి వైపు తిరిగాడు. "నీకూ వచ్చుగా ఆ పని. లే. వచ్చి ఇక్కడ కూర్చో."

అమ్మాయి లేచింది. వచ్చి పక్కన నిలబడింది. మేస్త్రి కుర్చీ వదల్లేదు. తెర మీద ఆయన భార్య పసుపు కళ్లతో నవ్వుతోంది. అమ్మాయి చెయ్యి మౌసు దాకా వచ్చి, అక్కడే ఆగింది.