పటంలో లేని సందు

ఇరవై ఆరేళ్లుగా గుడ్డపటం వేలాడదీసి సోషల్ చెప్పినదాన్ని. ఈ డిజిటల్ మ్యాపు, ప్రొజెక్టరు చేతికొచ్చాక చిన్నపిల్లనైపోయాను. నాకు నోటి దురుసెక్కువని పిల్లలు చాటుగా మిరపకాయ టీచరంటారు. అననివ్వండి, ఉన్నమాటేగా.

ఆ రోజు ఏడో తరగతికి ఒకటే పని ఇచ్చాను. ఒక్కొక్కరూ వచ్చి ఇంటి నుంచి బడికి దారి గోడ మీద చూపించాలి, దారిలో ఏమున్నాయో, ఏం లేవో మిగతావాళ్లు వాదించాలి. బస్టాపులన్నీ పెద్దరోడ్డు మీదే ఎందుకున్నాయని మొదలై, పది నిమిషాల్లో క్లాసు సంతలా తయారైంది. నాకు కావలసిందీ అదే.

చివరి బెంచీలో నోట్లో నాలుక లేని పిల్ల ఒకతి ఉంది. అందరూ పిచ్చుక అంటారు. వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పిచ్చుక వచ్చి రైలుపట్టాల పక్కన ఒక బూడిదరంగు మచ్చ మీద వేలు పెట్టింది. అక్కడ దారీ లేదు, పేరూ లేదు. అక్కడెవరూ ఉండరని ముందు బెంచీవాడు నవ్వాడు.

"మేముంటాం," అంది పిచ్చుక.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. బడికి కిలోమీటరు లోపు ఇల్లున్న పిల్లలనే ఉంచాలని పోయిన వారం ఉత్తర్వు వస్తే, చిరునామాలు సరిచూసే పని నామీదే పడింది. కుర్చీలోంచి లేవకుండా, ఇదే మ్యాపులో వెతికి, పిచ్చుక పేరు పక్కన 'ఇల్లు దొరకలేదు' అని రాసిచ్చాను. శుక్రవారం పేరు కొట్టేస్తారు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే మరి.

జరిగింది జరిగినట్టు క్లాసుకు చెప్పేశాను. అప్పుడు చూడాలి వాదన! పటంలో లేకపోతే ఇల్లు లేనట్టేనా? పట్టాలు గీసినవాడికి పక్కనే ఉన్న ఇళ్లు కనబడలేదా? చివరికి ముందు బెంచీవాడే తల గోక్కుంటూ, నడిచి చూస్తే తేలిపోతుంది కదా టీచర్ అన్నాడు. నాకు తట్టనిది వాడికి తట్టింది.

బడి వదిలాక పిచ్చుక ముందు, మేం వెనక. ఫోను మా అడుగుల వెంట నీలిగీత గీస్తూ వచ్చింది. బడి గేటు నుంచి పట్టాల పక్క సందులో వాళ్ల గడప దాకా ఎనిమిది వందల మీటర్లు. వాళ్లమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కూతురేం తప్పు చేసిందోనని బెదిరిపోయింది.

"తప్పు తనది కాదమ్మా, నాది," అన్నాను.

అక్కడి నుంచే హెడ్మిస్ట్రెస్‌కు ఫోన్ చేసి, ఆ గీత పంపించాను. నా రాత కొట్టేసి పేరు ఉంచుతానందావిడ.

అప్పుడు కనబడింది, ఇస్త్రీబల్ల చివర మడతపెట్టిన పిచ్చుక రెండో యూనిఫాం. పేరు కొట్టేస్తున్నామని బడి నుంచి కాగితం వచ్చాక, శుక్రవారం తర్వాత అక్కర్లేదు కదా అని, పక్కింటి పిల్లకిద్దామని ఇస్త్రీ చేసి ఉంచిందట వాళ్లమ్మ. పిచ్చుకకు ముందే తెలుసు. తెలిసీ పాఠం వింటూ కూర్చుంది. నాకు ఏడుపాగలేదు.

ఆ మడత తీసి పిచ్చుక చేతుల్లో పెట్టాను. "రేపు ఇది వేసుకుని రా. ఆలస్యమైతే ఊరుకోను."

"ఎనిమిది వందల మీటర్లేగా టీచర్," అంది పిచ్చుక. "ఆలస్యమెందుకవుతుంది?"