చల్లటి గదిలో హత్య జరగదు

నా నవలల్లో హత్యలన్నీ ఎండాకాలంలోనే జరుగుతాయి. చెమట కారనిదే నాకు ఎవర్నీ చంపబుద్ధి కాదు. ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసేసి, బనియను ఒంటికి అంటుకున్నాకే కత్తి తీస్తాను, కాగితం మీదే లెండి. ఇరవై ఏళ్లుగా ఇదే నా పద్ధతి.

మా ఆవిడ చూడలేక, పోయిన వారం నా గదిలో ఏసీ పెట్టించింది. అంతే, నా కొంప మునిగింది. వారపత్రిక సీరియల్లో నా హంతకుడు బావ గొంతు మీద కత్తి పెట్టి, "పోనీలే బావా, కాఫీ తాగుదాం పద" అన్నాడు.

ఎడిటర్ ఫోన్ చేశాడు. "కాఫీ ఏంటండీ? ఇవాళ నాలుగింటికల్లా శవం పంపండి. లేదంటే సీరియల్ ఆపేస్తాం."

నాకున్నది ఆ ఒక్క సీరియలే. అది పోతే నన్ను రచయిత అనే నాథుడుండడు. నిజంగానే భయమేసింది. ముచ్చటపడి పెట్టించినదాన్ని వద్దంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. అందుకే కర్టెన్ వెనక ప్లగ్గు పీకేసి, "ఏసీ చెడిపోయిందే!" అని కేకేశాను.

చెమట పట్టింది, పెన్ను కదిలింది. బావ గొంతు తెగబోతుండగా మెకానిక్ ఊడిపడ్డాడు. మా ఆవిడే పిలిపించిందట. కర్టెన్ ఎత్తి చూసి, "ఏం చెడలేదమ్మా, ప్లగ్గు పీకేశారు" అని, మళ్లీ పెట్టేసి వెళ్లాడు. మూడయింది. గది చల్లబడింది. బావ బతికిపోయాడు.

ఇక దాచి లాభం లేక ఉన్నదంతా కక్కేశాను. ఆవిడ నా కాగితాలు తీసుకుని వంటింట్లోకి నడిచి, పొయ్యి పక్కన స్టూలు వేసింది. ఒక పొయ్యి మీద నూనె కాగుతోంది, ఇంకోదాని మీద పప్పు ఉడుకుతోంది. కిటికీ అరచేతంత.

"వేడి కావాలంటే నన్నడగొచ్చుగా. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా."

రెండు నిమిషాల్లో తడిసి ముద్దయ్యాను. సిగ్గు కూడా వేసింది.

"నీకెప్పుడూ ఎవర్నీ చంపాలనిపించలేదా?"

ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపి నావంక చూసింది. "రోజూ" అని, మళ్లీ తరగసాగింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా శవాన్ని ఫోన్లో ఫొటో తీసి పంపాను. చంపింది బావమరిది కాదు, బావ పెళ్లాం, వంటింట్లో. ఎడిటర్ వెంటనే ఫోన్ చేసి, "మీ కథ చదివి భయపడటం ఇదే మొదటిసారండీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్‌ని పిలిచి, ఏసీని వంటింట్లోకి మార్పించాను. మా ఆవిడ అది ప్రేమ అనుకుంది. సగం నిజమే.