శాంతిరాజ్ వేలిముద్ర

"ఈ వేలిముద్ర ఎవలదమ్మా?"

వకీలు రఘుపతి చేతిలోని కాగితం చివర, రెజీనా సంతకం పక్కనే నీలిరంగు ముద్ర ఉంది.

"మా ఆయనది సార్," అంది రెజీనా.

రఘుపతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది 2009 జూన్ నెల ఆఖరు రోజు. కరీంనగర్ కోర్టులో లెక్క దాఖలు చేయడానికి ఆ సాయంత్రంతో గడువు సరి.

రెజీనా భర్త శాంతిరాజ్ గోదావరిఖని గనిలో కార్మికుడు. రెండేళ్ళ కిందట డ్యూటీ దిగి వస్తూ స్కూటర్ మీంచి పడ్డాడు. తలకు తగిలిన దెబ్బతో మతి పోయింది. ఆయన్నీ, ఆయన ఆస్తినీ చూసుకోవడానికి కోర్టు రెజీనాను నియమించింది. ఏటా ఆదాయం, ఖర్చు రాసి ఇవ్వాలని షరతు. ఆమెకు చేతకాదనీ, అన్నను బెల్లంపల్లిలోని తన ఇంటికి పంపాలనీ మరిది సామ్యేల్ అర్జీ పెట్టాడు. ఈ లెక్క ఇవాళ అందకపోతే అతని మాటే నెగ్గుతుంది.

"లెక్క మంచిగనే రాసినవ్. పాల పైసలు గూడ ఇడువలే. గీ ముద్ర ఎందుకు ఏయించినవ్?"

"ఆయన ముద్ర లేకుంట మా ఇంట్ల ఏ కాగితం చెల్లింది సార్? జీతమైనా, క్వార్టరైనా, దవాఖాన చీటీ అయినా గంతే గద. నా ఒక్కదాని సంతకం పెడితే, మొగన్ని పక్కకు వెట్టిందంటరని..."

"అనేటోళ్ళు వచ్చి నీకు లెక్క రాసిస్తరా? ఇను. ఆయనకు తెలివి లేదనే కోర్టు నిన్ను పెట్టింది. గిప్పుడు ఆయనే ముద్ర ఏసిండంటే, అంత తెలిసినోనికి నువ్వెందుకని సామ్యేల్ వకీలు అడుగుతడు. లేకుంటే తెలువనోని చెయ్యి గుంజి ఏయించినవంటడు. ఎట్లన్నా నీకే చుట్టుకుంటది."

రెజీనా వరండాలోకి చూసింది. ఇంట్లో వదిలి రాలేక వెంట తెచ్చుకున్న శాంతిరాజ్ బెంచీ మీద కూర్చుని ఎదురుగా గోడను చూస్తున్నాడు.

"గుంజలే సార్. చెయ్యి పట్టుకుంటే ఇచ్చిండు."

రఘుపతి తెల్లకాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

"ఆఖరి పేజీ మళ్ళ రాయి. జల్ది."

రాసింది. సంతకం పెట్టి, పక్కన ఖాళీని చూస్తూ ఆగింది. రఘుపతి కాగితాలు లాక్కుని కోర్టు ఆఫీసుకు పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.

"తీసుకున్నరు. లెక్క ఇయ్యలేదని ఇగ సామ్యేల్ అనలేడు. వచ్చే ఏడు మళ్ళ రావాలె."

"అప్పుడు గూడ నేనొక్కదాన్నే పెట్టాల్నా?"

"ఆయనకు తెలివొచ్చేదాక నువ్వొక్కదానివే."

బస్సులో భర్తను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. జరిగినదంతా మొదటి నుంచీ చెప్పసాగింది. గడువు, ముద్ర, వకీలు పెట్టిన చివాట్లు. బసంత్‌నగర్ సిమెంటు లారీలు దాటేసరికి శాంతిరాజ్ తల కిటికీకి ఆనింది.

ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా? ఆయన పండుకున్నడు గద."

"తెలుసవ్వా," అంది రెజీనా.

మిగిలినది కూడా చెప్పింది.